మా వార్డు రెండుసార్లు ఓటేసింది

జగ్గయ్యపేట,
11 నవంబరు 2025.

అత్తా,

ఫోనులో నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, నేను వీధి చివరికి వినపడేలా అరవడం, నాన్న వచ్చి "మన ఇంటి సంగతులు పేటంతా వినాలా?" అని తలుపు వెయ్యడం. మూడు నెలలుగా ఇదే వరస. ఉత్తరాలు రాసుకుందామని నువ్వన్నదే నయం. బస్సెక్కితే నందిగామ ముప్పావుగంట. ఉత్తరానికి మూడు రోజులు పడుతుందని పోస్టాఫీసులో చెప్పారు. పోనీలే, నీ ఎడమ చెవి కంటే ఆ మూడు రోజులే నమ్మకం.

ఇక్కడి సంగతులు. రెండేళ్ల కిందట మా వీధికి రావలసిన మురుగు కాలువ పక్క వీధికి పోయింది. ఎందుకు పోయిందని కౌన్సిలర్ బుల్లిబాబు గారిని అడిగితే, "మొన్న మా అరుగు మీద అనుకున్నాం కదమ్మా" అన్నారు. అరుగు ఆయనది. అనుకున్నవాళ్లు నలుగురు. వార్డులో ఓటర్లు పదహారు వందల నలభై మంది.

ఆ వారమే నేనూ నవీన్‌బాబూ 'వార్డు మాట' మొదలుపెట్టాం. నవీన్ మా వెనక వీధిలో ఉంటాడు, హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాడు. యాప్ నవీనే తయారుచేశాడు. పద్ధతి ఇదీ. మా తరఫున గెలిచే కౌన్సిలర్ మున్సిపాలిటీలో ఏ విషయం మీదైనా చెయ్యి ఎత్తే ముందు వార్డును అడగాలి. ప్రశ్న ఫోనుకి వస్తుంది. ఓటీపీ కొట్టి అవుననో కాదనో నొక్కాలి. ఎక్కువమంది ఏమంటే చెయ్యి అలా లేవాలి. లేవకపోతే రాజీనామా. ఇది నవీన్ ఆలోచన. పార్టీల్లో మాట పైనుంచి కిందికి వస్తుంది, మా దగ్గర కింది నుంచి పైకి పోతుంది. నవీన్ చెప్తుంటే వినాలి నువ్వు.

వచ్చే ఏడాది మున్సిపల్ ఎన్నికలంటున్నారు. మా అభ్యర్థిని కూడా ఫోను ఓటుతోనే ఎంచుకుంటున్నాం. ఈ ఆదివారం, పదహారో తారీఖు, పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా. ఆ వేళకి అందరూ ఇంట్లోనే ఉంటారు. ఎనిమిది దాటితే కొందరు చర్చికి, కొందరు వేదాద్రి గుడికి బయల్దేరతారు. అందుకని ఆ టైము నేనే పెట్టాను. నిలబడింది ఇద్దరు. ఒకరు నవీన్. రెండోవారు భారతీదేవి గారు, ఇరవై ఏళ్లుగా బడి పక్కన కుట్టు సెంటరు నడుపుతున్నారు. ఇద్దరూ మావాళ్లే, ఎవరొచ్చినా సంతోషమే. నవీన్ మాత్రం మూడు రోజులుగా సరిగ్గా అన్నం తినడంలేదట.

మావయ్యని అడిగానని చెప్పు. కాలేజీలో పాఠం చెప్పే టైమైంది.

నీ మహతి


నందిగామ,
15 నవంబరు.

చిరంజీవి మహతికి అత్త ఆశీస్సులు.

ఉత్తరం నిన్న అందింది. రెండుసార్లు చదివాను. నవీన్ అన్న పేరు ఏడుసార్లు వచ్చింది. నేను పొరబడ్డానేమోనని మీ మావయ్య చేత కూడా లెక్కపెట్టించాను. ఆయనకీ ఏడే వచ్చింది.

ఆ అబ్బాయి అన్నం తినని సంగతి నీ దాకా ఎలా వచ్చిందని నేను అడగను. మీ నాన్నకి చెప్పావా? వాడికి కోపమొస్తే రెండు రోజులు మూతి ముడుచుకుంటాడు, మూడో రోజు మామూలే. నాకు తమ్ముడు, నాకు తెలియదా? చెప్పడానికి నీకు మొహమాటమైతే నేను చెప్తా.

మీ పద్ధతి బాగుంది. చెయ్యెత్తే ముందు అడగాలన్నది నాకు నచ్చింది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో పద్నాలుగు ఎన్నికలకి డ్యూటీ చేశాను, ఆరింట్లో ప్రిసైడింగ్ ఆఫీసర్ని. రెండు గంటల పోలింగు మాత్రం ఎక్కడా చూడలేదు. ఎలా జరిగిందో వివరంగా రాయి.

మావయ్య ఈ మధ్య పేపరు గట్టిగా చదివి వినిపిస్తున్నారు. రాశిఫలాలు తప్ప అన్నీ వినపడుతున్నాయి. అవి మాత్రం నెమ్మదిగా చదువుతారు, నా రాశి బాగా లేనప్పుడు.

ఆశీస్సులతో,
ప్రసూనాంబ


జగ్గయ్యపేట,
18 నవంబరు.

అత్తా,

ముందు గెలుపు కబురు. యాప్‌లో పేర్లు నమోదైనవాళ్లు 1,120. ఓటేసినవాళ్లు 706. నవీన్‌కి 402, భారతీదేవి గారికి 304. ఎనిమిదీ ఐదుకల్లా ఫలితం అందరి ఫోన్లలో ఉంది. మైకు లేదు, పందిరి లేదు, బిర్యానీ పొట్లం లేదు. పార్టీ ఆఫీసు నుంచి ఒక్క ఫోను లేదు. ప్రకటించింది నేనే.

భారతీదేవి గారు "సరేలేమ్మా" అని మిషను దగ్గరికి వెళ్లిపోయారు. పెద్దమనసు. బుల్లిబాబు గారు రోడ్డు మీద కనపడి, "ఏంటమ్మాయ్, నా అరుగు ఇప్పుడు ఫోనులో పట్టేంత చిన్నదైందన్నమాట!" అన్నారు.

ఇంత రాశాక పోస్టుమాన్ వచ్చి నీ ఉత్తరం ఇచ్చాడు. అత్తా! నవీన్‌కి పెళ్లయి నాలుగేళ్లయింది. భార్య పేరు నీహారిక. అన్నం తినడంలేదని చెప్పింది ఆ అమ్మాయే. నవీన్ నాకంటే రెండేళ్లు చిన్న, నన్ను అక్కా అంటాడు. నాన్నకి ఏమీ చెప్పకు, దణ్ణం పెడతా.

నీ మహతి


నందిగామ,
21 నవంబరు.

మహతీ,

ఆలస్యమైపోయింది. మీ నాన్నకి మొన్ననే కార్డు రాసి డబ్బాలో వేశాను. పోస్టుమాన్ని నువ్వే ముందు పట్టుకుంటే చింపెయ్యి. ఆ నీహారికకి నా తరఫున క్షమాపణ చెప్పు. వద్దులే, చెప్పకు. తెలియనిదానికి క్షమాపణ దేనికి?

ఇక ఓటు సంగతి. ప్రిసైడింగ్ ఆఫీసరు రెండు గంటలకోసారి మగవాళ్లెంతమంది వేశారు, ఆడవాళ్లెంతమంది వేశారు అని విడివిడిగా పైకి చెప్పాలి. ఆ లెక్క ఎందుకో మొదట్లో నాకూ తెలియలేదు. కంచికచర్లలో పని చేసేటప్పుడు జి.కొండూరు మండలంలో ఒక ఊరికి డ్యూటీ వేశారు. మధ్యాహ్నం ఒంటిగంటకి మగవాళ్లు 211, ఆడవాళ్లు 19. ఏజెంట్లని అడిగితే "వస్తార్లెండి మేడం, వంటలవ్వాలిగా" అన్నారు. నీళ్లు తాగే వంకతో బయటికొచ్చి ఒక ముసలామెని అడిగా. "మిరపకోతకి ట్రాక్టర్లెక్కి పోయారమ్మా, పొద్దుగూకితేగాని రారు" అంది. పోలింగు ఐదింటికి ముగుస్తుంది. ట్రాక్టర్ల యజమానికి ఇద్దరి చేత కబురు చేయించా. నాలుగూ యాభైకి రెండు ట్రాక్టర్లు వచ్చి ఆగాయి. ఐదు కొట్టేసరికి వరసలో ఉన్నవాళ్లకి చీటీలివ్వాలి. వరస చివరి మనిషికి ఒకటో నంబరు, అక్కణ్ణుంచి ముందుకి. అలా ఇస్తే తరవాత వచ్చినవాళ్లు వెనక చేరలేరు. ఎనభై ఆరు చీటీలిచ్చా.

అందుకని అడుగుతున్నా. మీ 706లో ఆడవాళ్లెంతమంది? నమోదైనవాళ్లలో ఎంతమంది? రానివాళ్లు ఆ రెండు గంటలూ ఎక్కడున్నారు? ఇంకొకటి. ఓటీపీ ఫోనుకొస్తుందన్నావు. ఆ ఫోను ఎవరు నొక్కారో మీకెలా తెలుస్తుంది?

ఆశీస్సులతో,
అత్త


జగ్గయ్యపేట,
25 నవంబరు.

అత్తయ్యకి,

కార్డు నాన్న చేతికే వచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. నువ్వన్నట్టే మూడో రోజు "కుర్రాడికి జీతమెంత?" అన్నాడు. పెళ్లయినవాడని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. ఆ సంగతి వదిలేద్దాం.

నీ ప్రశ్నలు చదివాను. ఎవరు నొక్కారో ఎలా తెలుస్తుందట! నవీన్ దొంగ ఓట్లు వేయించుకున్నాడనేగా దానర్థం? రెండేళ్లు జీతం లేకుండా ఆ యాప్ కోసం కష్టపడ్డాడు. ఏనాడూ ఎవరి దగ్గరా కప్పు టీ కూడా ఆశించలేదు. పోనీ నన్ను అనుమానిస్తున్నావా? ఓటింగు నడిపింది నేను.

సిరా, లక్కముద్ర, బల్ల కింద పెట్టె ఉంటేనే అది ఓటనుకుంటావు నువ్వు. ఫోనులో వేస్తే అది ఓటులా కనపడదు. నువ్వు కూడా బుల్లిబాబు గారిలాగే మాట్లాడతావనుకోలేదు. ఆయనైనా నవ్వుతూ అన్నారు.

మహతి


నందిగామ,
26 నవంబరు.

మహతీ,

నీ జవాబు ఇంకా రాలేదు, పనిలో ఉన్నావేమో. మొన్న అడిగిన లెక్కకి వీలుగా ఉంటుందని ఒక పట్టిక గీసి ఇందులో పెట్టాను. అడ్డంగా అరగంటలు, నిలువుగా మగ, ఆడ. మా సర్వీసులో వాడినట్టే ఉంటుంది. నింపి పంపు. తొందరేం లేదు గానీ వదిలెయ్యకు.

దోసావకాయ పెట్టాను. బస్సులో ఎవరైనా వస్తే పంపుతా.

అత్త


జగ్గయ్యపేట,
3 డిసెంబరు.

అత్తా,

నీ పట్టిక అందినప్పుడు నాకు ఇంకా కోపం వచ్చింది. నా ఉత్తరం చదివి కూడా పంపావనుకున్నా. తరవాత తారీఖు చూశా. నువ్వు తప్పని నిరూపించడానికే కూర్చుని దాన్ని నింపాను.

మగవాళ్లు నమోదైంది 590, వేసింది 438. ఆడవాళ్లు నమోదైంది 530, వేసింది 268. సగం.

కాగితం పట్టుకుని నీహారిక దగ్గరికి వెళ్లా. నవీన్ పక్కగదిలో లాప్‌టాప్ ముందున్నాడు. నీహారిక అప్పుడే వీధి కుళాయి నుంచి బిందె తెచ్చి దించుతోంది. లెక్క చూసి నవ్వింది. "ఆదివారం ఆరింటికి ఆడవాళ్లు ఫోను పట్టుకుని కూర్చుంటారా అక్కా? ఆ రోజు నీళ్లొచ్చే రోజు కదా."

మా వార్డులో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, ఆరు నుంచి ఏడున్నర దాకా. పదహారో తారీఖు నీళ్ల రోజు. ఫోన్లు కుళాయి దగ్గరికి తీసుకుపోరు. పోయినేడు రెండు ఫోన్లు బిందెల్లో పడ్డాయట. అత్తా, నేను పుట్టిందీ పెరిగిందీ ఈ వార్డులోనే. మా ఇంట్లో బోరుంది. నీళ్లు ఏ రోజు వస్తాయో నాకు తెలియదు. ఆ టైము పెట్టింది నేను.

"మరి నువ్వెప్పుడు వేశావు?" అన్నా. "నేను వెయ్యలేదక్కా, నీళ్ల దగ్గరే సరిపోయింది" అంది. యాప్ తీసి చూశా. ఆమె నంబరు మీద 6:12కి ఓటు పడి ఉంది. ఎవరికి పడిందో యాప్ చూపించదు, పడినట్టు మాత్రం చూపిస్తుంది.

లోపల్నుంచి నవీన్ తల ఎత్తకుండానే, "నేనే నొక్కా. నువ్వు బయటున్నావ్, మళ్లీ టైమైపోద్దని. అమ్మది కూడా నేనే నొక్కా" అన్నాడు. దాచలేదు అత్తా. దాచాల్సిందని కూడా అతనికి తట్టలేదు.

"ఎవరికి నొక్కావ్?" అంది నీహారిక.

"అదేం ప్రశ్న?"

ఆమె రెండో బిందె తీసుకుని మళ్లీ బయటికి వెళ్లింది.

తరవాత నాలుగు సాయంత్రాలు నేనూ నీహారికా ఇల్లిల్లూ తిరిగాం. ఎవరికి వేశారని అడగలేదు. మీ ఓటు మీరే నొక్కారా అని మాత్రమే అడిగాం. 152 మంది ఆడవాళ్లతో మాట్లాడాం. 71 మంది ఓటు పడనే లేదు. 58 మంది ఫోను మీద ఇంట్లో ఇంకెవరో నొక్కారు. భర్త, కొడుకు, ఒక ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చిన అల్లుడు. తమ ఓటు తామే వేసినవాళ్లు 23 మంది. వాళ్లలో ఎక్కువమంది ఇళ్లలో బోరుంది.

నువ్వు దొంగ ఓట్లు అనలేదు. నేనే అలా చదువుకున్నా.

ఈ సంగతి బయటపెడితే నేను ప్రకటించిన ఫలితం పోతుంది. నవీన్ పోతే యాప్ పోతుంది, రెండేళ్ల పని పోతుంది. బుల్లిబాబు గారు పేటంతా చెప్పి నవ్వుతారు. దాచిపెడితే మాదీ ఒక అరుగే. ఏం చెయ్యమంటావు?

మహతి


నందిగామ,
6 డిసెంబరు.

చిరంజీవి మహతికి,

నీ కోపం ఉత్తరం ఇరవై ఎనిమిదిన వచ్చింది. మావయ్య చదివి, "ఇది నీ పోలికే" అన్నారు. జవాబు రాయకుండా ఊరుకున్నా. పట్టిక నింపితే నీకే తెలుస్తుందని నాకు తెలుసు. నింపకపోతే అప్పుడు నేనూ కోప్పడేదాన్ని.

రీపోలింగు సిగ్గుపడే విషయం కాదు. ఒకసారి నా బూత్‌లో మిషను మొరాయించింది. మూడో రోజు మళ్లీ పెట్టారు. అదే బల్ల, అదే జనం, అదే నేను. మొదటిసారి కంటే నలభై మంది ఎక్కువొచ్చారు.

అధికారం బుల్లిబాబు అరుగు దిగి మీ వార్డులో ప్రతి ఇంటికీ వచ్చింది. అంతవరకు మీరు చేసింది నిజం, చిన్న పని కాదు. ఇంట్లోకి వచ్చాక ఫోను ఎవరి చేతిలో ఉంటే అక్కడ ఆగిపోయింది. మిగిలింది గడప నుంచి కుళాయి దాకా. నడిస్తే ఇరవై అడుగులు.

ఏం చెయ్యమంటావని నన్ను అడిగావు. నేను మీ వార్డు ఓటర్ని కాను. మీ నియమం ప్రకారం వార్డును అడగాలి కదా? ముందు నవీన్‌ని అడుగు. అందరి ముందూ కాదు, వాళ్ల ఇంట్లో. పెళ్లాం నీళ్లకి పోయినప్పుడు ఫోను నొక్కినవాడు చెడ్డవాడని నేననుకోను. అది అతనికి అలవాటు. మీ మావయ్య నా పెన్షను కాగితాల మీద ఇప్పటికీ పెన్సిలుతో గుర్తులు పెడతారు, ఎక్కడ సంతకం చెయ్యాలో.

మళ్లీ పెడితే నన్ను పిలువు. విజయవాడ వెళ్లి చెవికి మిషను పెట్టించుకున్నా. ముందైతే వద్దనేదాన్నే. పోలింగు ఆఫీసరుకి పేరు వినపడకపోతే ఎలా? ఇక ఫోను కూడా వినపడుతుందిగానీ, నువ్వు ఉత్తరాలే రాయి. ఫోనులో నువ్వు సగమే చెప్తావు.

అత్త


జగ్గయ్యపేట,
13 డిసెంబరు.

అత్తా,

నువ్వు చెప్పినట్టే ముందు వాళ్లింటికి వెళ్లి నవీన్‌తో మాట్లాడా. అన్నీ విన్నాడు. "ఆలోచిస్తా అక్కా" అన్నాడు. ముఖం మాత్రం మాడిపోయింది. మొన్న బడి వరండాలో మీటింగు పెట్టాం. నలభై మంది వచ్చారు. నేను లెక్కంతా చదివా. టైము పెట్టింది నేనేనని కూడా చెప్పా.

మొదట్నుంచీ 'వార్డు మాట'లో తిరుగుతున్న కిషోర్‌బాబు లేచి, "గెలిచాక మళ్లీ ఓటింగేంటండీ? పరువు పోద్ది" అన్నాడు. ఇంకో ఇద్దరు తలూపారు. అందరూ నవీన్ వైపు చూశారు. అతను నేల చూస్తున్నాడు.

నీహారిక లేచింది. ఆ అమ్మాయి మీటింగులో మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. "మా ఇంట్లో మూడు ఫోన్లున్నాయి. మూడు ఓట్లు పడ్డాయి. మూడూ ఒక్క చెయ్యే నొక్కింది. ఆ చెయ్యి ఇక్కడే కూర్చునుంది" అంది.

ముందు భారతీదేవి గారు నవ్వారు. తరవాత అందరూ. చివరికి నవీన్ కూడా నవ్వక తప్పలేదు. లేచి, "మళ్లీ పెడదాం. పోతే పోతా" అన్నాడు. తెల్లారేసరికి ఓటింగుకి కావలసిన మార్పులన్నీ యాప్‌లో చేసి పంపాడు.

ఏర్పాటు ఇదీ. ఇరవై ఒకటో తారీఖు, ఆదివారం. నీళ్లు రాని రోజు. ఈసారి నీహారికని అడిగి ఖాయం చేశా. పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా. ఎవరి ఫోనూ అక్కర్లేదు. మూడు చోట్ల మూడు ట్యాబులు పెడతాం. ఓటర్ల జాబితాలో పేరు చూసి టిక్కు పెడతాం, మనిషి తెర వెనక్కి వెళ్లి నొక్కాలి. తెరలకి గుడ్డ భారతీదేవి గారి సెంటరు నుంచి. యాప్‌లో పేరు లేనివాళ్లు కూడా వెయ్యొచ్చు. నువ్వు కుట్టు సెంటరు దగ్గర కూర్చోవాలి, నేను పై వీధిలో ఉంటా.

బుల్లిబాబు గారు, "ఇదేం ఉద్యమమమ్మాయ్! గెలిచినోడే మళ్లీ పోటీ పెట్టించుకుంటాడా? మాలో ఎవడైనా ఆ మాటంటే పిచ్చాసుపత్రికి పంపేవాళ్లం" అన్నారు. అని, "నేనూ వెయ్యొచ్చా?" అని అడిగారు. వార్డు ఓటరే కదా, రమ్మన్నా.

శనివారం సాయంత్రం బస్సుకి రా. నాన్న స్టాండుకొస్తాడు.

నీ మహతి


నందిగామ,
23 డిసెంబరు.

మహతీ,

మావయ్యకి పళ్లెంలో అన్నం పెట్టేంత ఓపిక కూడా లేకుండా వచ్చి పడ్డానుగానీ, చాలా ఏళ్ల తరవాత బాగా నిద్రపట్టింది. నా బల్ల దగ్గర జరిగింది నువ్వు చూడలేదు కాబట్టి రాస్తున్నా.

తొమ్మిదికి మగ 96, ఆడ 88. పదకొండుకి మగ 170, ఆడ 203. ఒక పెద్దాయన భార్యతో పాటు తెర వెనక్కి పోబోయాడు. "ఒక్కొక్కరే" అన్నా. "దానికి నొక్కడం రాదండీ" అన్నాడు. "టీవీ రిమోటు ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుంది?" అన్నా. వరసంతా ఘొల్లుమంది. ఆమె వెళ్లి నిమిషంలో వచ్చేసింది, ఆయనకి నాలుగు నిమిషాలు పట్టింది.

ఒంటిగంటకి వరసలో తొమ్మిది మంది ఉన్నారు. చివర మీ బుల్లిబాబు. అలవాటు ప్రకారం వెనక నుంచి చీటీలిచ్చా. ఆయన చీటీ పైకెత్తి, "చూశారా, మేడం గారు నాకే నంబర్ వన్ ఇచ్చారు" అని ముందున్నవాళ్లందరికీ చూపించాడు. చివరివాడికి ఒకటో నంబరని ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మూడు బల్లలూ కలిపి 1,219. మగ 578, ఆడ 641. నవీన్‌కి 618, భారతీదేవికి 601. ఫలితం ఫోనులో చూసి నువ్వు పై వీధిలో ఎలా ఉన్నావోగానీ, ఇక్కడ నవీన్ మాత్రం కుర్చీలో అలాగే కూర్చుండిపోయాడు. తొంభై ఎనిమిది తేడా పదిహేడైంది.

నన్ను బస్సు దగ్గరికి తీసుకొచ్చింది భారతీదేవి. దారిలో, "ఓడిపోయానని బాధగా ఉందా?" అని అడిగా. "లేదండీ. ఇప్పుడే కదా ఓడిపోయింది. అప్పుడు ఓడిపోలా, నన్ను లెక్కలోకే తీసుకోలా" అంది. కొంచెం దూరం నడిచాక, "పదిహేడంటే చిన్న తేడానండీ. ఐదేళ్లు ఆ అబ్బాయి మెడ మీద కూర్చోడానికి చాలు" అంది. మంచి మనిషి. బస్సులో కిటికీ పక్క సీటు ఇప్పించేదాకా కదల్లేదు.

ఆశీస్సులతో,
అత్త


జగ్గయ్యపేట,
8 జనవరి 2026.

అత్తా,

నాన్న ఇప్పటికీ, "అంత కష్టపడి మళ్లీ అదే కుర్రాడా?" అంటున్నాడు. అదే కుర్రాడేగానీ అదే గెలుపు కాదని చెప్పా. తేడా ఏంటో చూపించమన్నాడు. ఈ మధ్యే చూపించా.

వార్డులో ముందు ఏ పని కావాలో కమిషనర్‌కి అర్జీ ఇద్దామనుకున్నాం. కౌన్సిలర్ కాకముందే అడిగే పద్ధతి అలవాటు చేసుకోవాలి కదా. నవీన్‌కి నాలుగు మూలలా సీసీ కెమెరాలు పెట్టించాలని ఉంది. ఆరు నెలలుగా వాటి ధరలు, రకాలు తిరగేస్తున్నాడు. భారతీదేవి గారు ఇంకో ప్రశ్న పెట్టించారు. బడి ఉన్న రోజుల్లో పొద్దున ఆరింటికి నీళ్లొస్తే ఎవరూ పిల్లల క్యారేజీలు కట్టలేకపోతున్నారు, సాయంత్రం నాలుగుకి మార్చాలి అని. నీళ్లు రాని రోజు మూడు చోట్లా ట్యాబులు పెట్టాం. నీళ్ల టైముకి 812, కెమెరాలకి 240.

నవీన్ మరునాడు అర్జీ తనే రాసి, తనే మున్సిపల్ ఆఫీసుకి తీసుకెళ్లి, రసీదు ఫొటో గ్రూపులో పెట్టాడు. చూస్తామన్నారట. చూసేదాకా ప్రతి సోమవారం వెళ్తానన్నాడు. మొన్న సోమవారం వెళ్లాడు కూడా. అర్జీ మీద బుల్లిబాబు గారి సంతకం ఉంది. వాళ్లావిడ పెట్టమందట.

ఎన్నికల్లో ఏమవుతుందో నాకు తెలియదు. పార్టీ అభ్యర్థులు దిగుతారు, డబ్బు దిగుతుంది. గెలవొచ్చు, ఓడిపోవచ్చు. మా వార్డులో మాత్రం ఇక ఎవరు ఏ టైము పెట్టినా, "ఆ రోజు నీళ్లున్నాయా?" అని ముందు అడుగుతున్నారు.

నిన్న నవీన్ టీ కొట్టు దగ్గర నన్ను పక్కకి పిలిచాడు. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, "అక్కా, ఆ రోజు నీహారిక ఎవరికేసిందో నీకేమన్నా చెప్పిందా?" అన్నాడు. "యాప్‌లో చూసుకో" అన్నా. "కనపడదుగా. కనపడకుండా చేసింది నేనేగా" అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయా.

సాయంత్రం ఈ సంగతి నీహారికకి చెప్పా. ఆమె బిందెలు కడుగుతోంది. "పదిహేడే కదక్కా తేడా. అందులో నాదుందో లేదోనని రోజూ లెక్కేసుకుంటున్నాడు. చెప్పమంటే చెప్పట్లా" అంది. "ఎందుకని?" అన్నా.

"అప్పట్నుంచి ఏం చేసినా ముందు నన్ను అడుగుతున్నాడు" అంది.

నీ మహతి